నా తొందర మాన్పించిన బొంత

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకు వందనాలు! నాకు జరిగింది ఏమిటో నాకే ఇంకా సరిగ్గా తెలియదు, అయినా పాస్టరుగారు చెప్పమన్నారు కాబట్టి లేచి నిలబడ్డాను.

నేను శ్రీకాకుళంలో ఒక ఫ్లెక్సీల షాపులో కంప్యూటరు మీద డిజైన్లు చేసేదాన్ని. పుట్టినరోజులు, పెళ్లిళ్లు, చావులు, అన్నీ అర్జంటే! పాత ఫైలు తెరవడం, ఫోటో మార్చడం, పేరు మార్చడం, ఏళ్ల తరబడి అదే చేసి చేసి, సొంతంగా ఒక పువ్వు గియ్యమంటే కూడా చేతకాని స్థితికి వచ్చేశాను. ఒకరోజు శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో చనిపోయిన పెద్దాయన ఫోటోకు బదులు, బతికే ఉన్న ఆయన తమ్ముడి ఫోటో పెట్టేశాను! వాళ్ల ఇంటి ముందు కట్టాక గాని ఎవరూ చూసుకోలేదు. ఆ తమ్ముడే షాపుకొచ్చి, "నానింకా బతికే ఉన్నాను కదమ్మా" అని కళ్లు తుడుచుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదేమో, అయ్యో!

అప్పటినుంచి కంప్యూటరు ముందు కూర్చుంటే చేతులు వణికేవి, ఏ ముఖం ఎవరిదో తెలిసేది కాదు. డాక్టరు పరీక్షలన్నీ చేయించి ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే మరి ఇదంతా ఏమిటి? పని మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాను. "ప్రభువా, నాకేటయినాది? నా బుర్ర నాకు ఇచ్చేయి, మళ్లీ గబగబా పని సేసుకుంటాను" అని రోజూ అదే ప్రార్థన. ఆయన విన్నాడో లేదో తెలియక, కొన్నాళ్లకు అదీ మానేశాను.

మా అత్తగారు పాత చీరలతో బొంతలు కుడతారు. ఒక మధ్యాహ్నం నా పక్కన కూర్చుని, చేతిలో సూది పెట్టి, "ఒసే సునీతా, ఈ అంచు కుట్టు. తొందరేటి నేదు" అన్నారు. ఎందుకో కుట్టాను. అంచు వంకర పోయింది. విప్పబోతే చెయ్యి పట్టుకుని, "ఉండనీయే, ఏరు కూడా అలాగే ఎల్తాది కదా" అన్నారు. చూస్తే నిజమే, నాగావళి వంపులాగే ఉంది! దాని పక్కన ఇసుకరంగు ముక్క, ఆ పక్కన పచ్చ ముక్క, ఏ పాత ఫైలూ చూడకుండా నేనే ఏరుకుని పెట్టాను, పెడుతూ పెడుతూ ఏడ్చేశాను! రోజుకు జానెడు కుట్టాను, వారాలు గడిచాయి, వణుకు ఏ రోజు ఆగిందో నాకు తెలియదు.

తర్వాత షాపువాళ్లు పిలిస్తే వెళ్లాను. కంప్యూటరు ముందు కూర్చోగానే మళ్లీ చేతులు వణికాయి, తిరిగి వచ్చేశాను. అయితే ఆ బాధ నుంచి నాకు విడుదల దొరికినట్టా, దొరకనట్టా? వేగం అడిగితే ఆయన నిదానం ఇచ్చాడు, ఇది జవాబేనా? అత్తగారిని అడిగితే, "నాకేటి తెలుసే? ముందు ఆ దారం అందుకో" అన్నారు. అందుకున్నాను. ఇప్పుడు మూడో బొంత కుడుతున్నాను, దేవునికే మహిమ!

ప్రియులారా, మీలో ఎవరైనా ఏమీ అర్థంకాక కూర్చుని ఉంటే, అర్థమయ్యాక నమ్ముదామని ఆగకండి. అర్థం కావడం లేదని ఆయనకే చెప్పండి. ఈ ఉదయం నేనూ అదే చెప్పి వచ్చాను. ఆమెన్.