నేను చుట్టిన బోరు మోటరు

శిక్షణ కేంద్రం గేటు పక్కన కట్టిన ఫ్లెక్సీ మీద నా ఫొటో చాలా కాలం ఉంది. చేతిలో పానా, ముందర విప్పిపెట్టిన పంపుసెట్టు, నవ్వమంటే నవ్విన నవ్వు. ఎండకు రంగులు వెలిసి నా మొహం నీలంగా మారేదాకా దాన్ని తియ్యలేదు. ఆ ఫొటో దిగిన పొద్దున్నే అదే పంపుసెట్టు ముందు నుంచి నన్ను లేపి, "నీ రాత మంచిగుంటది, పోయి హాజరు పట్టీ రాయిపో" అని పంపారు. ఫొటోగ్రాఫర్ వచ్చాక మళ్లీ పిలిచి పానా చేతిలో పెట్టారు. ఫ్లెక్సీ చూసినవాళ్లకు ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. ఇలాంటివి నేను మరిచిపోను. "దీనికి అన్నం పెట్టిన చెయ్యి యాదికుండదు గని, పెట్టని చెయ్యి మాత్రం యాదికుంటది" అని మా అమ్మ అంటుంది. అది నిజం కాదు. రెండూ యాదికుంటాయి. పెట్టని చేతులే ఎక్కువైతే నేనేం చెయ్యను?

అవి తెలంగాణ వచ్చిన కొత్త రోజులు. పల్లెటూరి పిల్లలకు వ్యవసాయం నేర్పి, దాని మీదుగా ఏదో ఒక చేతిపనిలోకి పంపే శిక్షణ అది. మాది చౌటుప్పల్ నుంచి లోపలికి పోయే ఊరు. నాయిన మగ్గం నేస్తాడు. అమ్మ నూలుకు చిటికి కడుతుంది; అంటే, రంగు ఎక్కకూడని చోట దారాల కట్టను సైకిల్ ట్యూబు పీలికలతో బిగించి చుట్టడం. చిన్నాయన ఒక్కడే మగ్గం వదిలి పొలం పట్టాడు, బోరు వేయించి వరి పెట్టాడు. నేను ఇంటర్ అయ్యాక అమ్మ పక్కన కూర్చుని చిటికి కడుతుంటే, వాడకట్టులోకి వచ్చిన జీపు మైకులో ఆ శిక్షణ గురించి విన్నాను. హాస్టలు కూడా ఉంటుందన్నారు. ఆ రోజే పేరిచ్చాను.

మొదటి కొన్ని నెలలు అందరికీ ఒకటే పాఠం. మట్టి, విత్తనం, మందు కొట్టే పంపు, డ్రిప్పు పైపులు. తర్వాత ఎవరికి వాళ్లు ఒక పని ఎంచుకోవాలి. ట్రాక్టరు రిపేరు, వెల్డింగు, మోటరు వైండింగు. ఆడపిల్లలకు ఆ కష్టం పెట్టలేదు. మాకోసం వాళ్లే ఎంచి పెట్టారు: పుట్టగొడుగులు, పచ్చళ్లు.

"నాకు మోటర్లు కావాలె సార్," అన్నాను.

మోటర్లు నేర్పే సారు పెద్దాయన. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి నన్ను చూశాడు. "మోటరు బరువుంటది."

"తొక్కు జాడీ గూడ బరువే ఉంటది సార్."

వెనక మగపిల్లలు నవ్వారు. "అక్కా, మోటరుకు మామిడికాయ తొక్కు పెడుతవా?" అన్నాడొకడు. ఇప్పుడు వాడికి కొత్తకోటలో పెద్ద రోడ్డు మీదే కల్టివేటర్లు తయారు చేసే షెడ్డు ఉంది. ఎప్పుడన్నా ఫోన్ చేస్తే ఆ మాట గుర్తు చేస్తాను. నేనట్ల అనలేదంటాడు. అన్నాడు.

సారు వద్దనలేదు, రమ్మని కూడా అనలేదు. నేను రోజూ పోయి షెడ్డులో కూర్చున్నాను. పచ్చళ్ల క్లాసులో గైర్హాజరు పడింది. ఆ పట్టీ రాసేది నేనే కాబట్టి నా గైర్హాజరు నేనే వేసుకున్నాను. కొన్నాళ్లకు సారు కాలిన మోటరు ఒకటి కాలితో నా ముందుకు తోసి, "విప్పు" అన్నాడు.

ఆ శిక్షణ మీద నాకు ఎన్ని కోపాలున్నా ఒక మాట ఒప్పుకోవాలి. సారు మోటరును పొలం నుంచి విడదీసి ఎప్పుడూ చెప్పలేదు. "గిది ఏ పంట కింద కాలింది?" అన్నదే ఆయన మొదటి ప్రశ్న. వరి కింద కాలితే ఒక తీరు, బత్తాయి తోట కింద కాలితే ఇంకో తీరు. బోరులో నీళ్లు అడుగంటి గాలి మింగి కాలిందా, కరెంటు హెచ్చుతగ్గులకు కాలిందా, తీగ చూసి మాతోనే చెప్పించేవాడు. వెల్డింగు వైపూ అంతే. కల్టివేటర్ కాలు ఎక్కడ విరుగుతుందో తెలియడానికి ముందు వాళ్లతో రాళ్ల చెల్క దున్నించేవాళ్లు. రైతు కష్టం తెలిసినవాడికి పనిముట్టు రోగం తొందరగా తెలుస్తుంది. అందుకే మా జట్టులో చాలామంది పనుల్లో కుదిరారు. ఒకడు నందికొండలో కాలువ గేట్ల దగ్గర ఉన్నాడు, ఇద్దరు మందుల ఫ్యాక్టరీల్లో ఎలక్ట్రీషియన్లయ్యారు.

మోటరులో తీగ చుట్టడం అయ్యాక, అంచుల్లో బయటికి వచ్చిన తీగల్ని దారంతో బిగించి కట్టాలి. లేకపోతే అదురుకు ఒకదాన్నొకటి రాసుకుని కాలుతాయి. అందరూ మామూలు ముళ్లు వేశారు. నేను అమ్మ చిటికి కట్టినట్టు కట్టాను. కొసను చుట్ల కిందికే దూర్చి లాగితే పైకి ముడే కనపడదు.

"గిదేం కట్టు?" అన్నాడు సారు.

"మా ఇంటి కట్టు సార్."

ఆయన కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగాడు. రాలేదు. "ఉండనియ్," అన్నాడు. ఆ శిక్షణ మొత్తంలో నాకు దొరికిన మెప్పు అదొక్కటే.

సారు చెప్పిన ఇంకో మాట కూడా నాతోనే ఉండిపోయింది. "మోటరు చుట్టినోళ్లే బోరుల దించాలె. దించి, స్టార్టర్ ఒత్తి, నీళ్లు చూసినంకనే అది నీ పని. అప్పటిదాంక వట్టి ఇనుము." నేను చుట్టిన మోటరు నేనే దించాలి, నీళ్లు నా కళ్లతో చూడాలి. నాకు కావలసింది అంతే. మామూలు కోరికే అనుకున్నాను.

శిక్షణ చివర పంపుల కంపెనీ వాళ్లు వచ్చి మగపిల్లల్ని సర్వీసు పనికి తీసుకున్నారు. నన్ను ఆఫీసులో ఫోన్లు ఎత్తడానికి రమ్మన్నారు. "మీ గొంతు బాగుందమ్మా," అన్నాడు వచ్చినాయన. ముందు రాత బాగుంది, ఇప్పుడు గొంతు బాగుంది. చేతులు బాగున్నాయని ఎవరూ అనలేదు. నేను పోలేదు. దాని మీద జిల్లా ఆఫీసులో దరఖాస్తు పెట్టాను. జవాబు రాకపోతే ఇంకోటి పెట్టాను. నేను అలా తిరుగుతుండగానే జిల్లాలు విడిపోయాయి. నల్లగొండలో అడిగితే మీ మండలం ఇప్పుడు మా కింద లేదన్నారు. కొత్త జిల్లాలో అడిగితే అది పాత జిల్లా సంగతి అన్నారు. నా ఫిర్యాదు ఇప్పటికీ రెండు జిల్లాల నడుమ ఎక్కడో ఉంది. నేనైతే వాపస్ తీసుకోలేదు.

చౌటుప్పల్‌లో సర్వీసు రోడ్డు పక్కన ఒక మడిగె కిరాయికి తీసుకుని షాపు పెట్టాను. చాయ్ వేళకు పక్క మడిగెల వాళ్లు ఒకరినొకరు కేకేసుకుని టైర్ల షాపు ముందు నిలబడి తాగుతారు. నన్ను పిలవరు. చాయ్ తెచ్చే అతను నా గ్లాసు గడప మీద పెట్టి పోతాడు. ఫ్యాన్లు, కూలర్లు, మిక్సీలు వచ్చేవి. బోరు మోటరు వచ్చేది కాదు.

మొదటి బోరు మోటరు చిన్నాయనదే. నాయిన చెప్తే తెచ్చాడు. ప్రాణం పెట్టి చుట్టాను. దించడానికి నేనూ వస్తానన్నాను. చిన్నాయన దగ్గరే ఉండే మా అవ్వ, నాయిన తల్లి, ఒప్పుకోలేదు.

"మోటరు దించేతప్పుడు ఆడమనిషి బోరు కాడ ఉంటె గంగమ్మ అలుగుతది."

"గంగమ్మ ఆడది కాదా అవ్వా?"

"అందుకే అలుగుతది. ఆడదానికి ఆడది పడదు. నిన్ను చూస్త లేనా, ఎవ్వలతోని పడ్డది నీకు?"

చిన్నాయన పగలబడి నవ్వాడు. నేను లేకుండానే దించారు.

బోరులోకి పోయే పాత కేబులుకు రంగులు వెలిసిపోయి మూడు తీగలూ మట్టిరంగులో ఉంటాయి. ఏది ఏదో తెలియక తారుమారుగా కలిపితే మోటరు ఉల్టా తిరుగుతుంది. చప్పుడు మామూలుగానే ఉంటుంది. నీళ్లు మాత్రం బొటనవేలంత వస్తాయి. ఆ సాయంత్రం చిన్నాయన ఫోన్ చేశాడు.

"నీ మోటరు నీళ్లు ఎత్తుత లేదు."

"ఉల్టా తిరుగుతాంది చిన్నాయనా. స్టార్టర్ డబ్బల రెండు వైర్లు అటుదిటు మార్చు, సాలు."

"చూడకనే చెప్తున్నవా?"

"చూస్తనంటె రానియ్యకపోతిరి."

"నీతోని మాటల గెలుస్తనా పొల్లా," అని పెట్టేశాడు. వైర్లు మార్చలేదు. పైపులన్నీ మళ్లీ పైకి లాగించి, మోటరును బజారులోని పాత మెకానిక్ దగ్గర వేశాడు. కొన్నాళ్లకు ఆ మెకానిక్ తనే పొలానికి వచ్చి దించాడు, తనే వైర్లు కలిపాడు. నీళ్లు దూకాయి. మా వైపు మోటరు దించి నీళ్లు వచ్చిన రోజు కోడిని కోసి దావత్ చేస్తారు. మెకానిక్‌ను వరుసలో ముందు కూర్చోబెట్టి ముందు ఆయనకే వడ్డిస్తారు. "పిల్ల మొత్తం కరాబ్ చేసింది, తీగంత తీసి మళ్ల చుట్టిన" అని ఆయన తింటూ చెప్పాడట. ఆ దావత్‌కు వంట చేసి వచ్చిన అమ్మ నాకు చెప్పింది.

"నువ్వేమన్నవ్?"

"నేనేమంట? గంజి వారుస్తున్న."

ఆ తర్వాత మా ఊరి నుంచి నాకు బోరు మోటరు రాలేదు. నన్ను తెలియని దూరపు ఊళ్ల నుంచి అప్పుడప్పుడు వచ్చేవి. చుట్టి ఇస్తే పట్టుకుపోయేవాళ్లు. "అంత దూరం నీకెందుకమ్మా, మేం దించుకుంటం," అనేవాళ్లు. నీళ్లు వచ్చాయో లేదో నాకు తెలిసేది కాదు. వస్తే ఎవరూ ఫోన్ చెయ్యరు కదా. కరోనా వచ్చి బజారంతా బందయింది. షాపు మూసిన రోజులకూ తెరిచిన రోజులకూ నాకు పెద్ద తేడా తెలియలేదు.

అలా కొన్నేళ్లు గడిచాక ఒక యాసంగి పంట కాలంలో చిన్నాయన మోటరు మళ్లీ కాలింది. ఎండలు ముదిరి బజారు మెకానిక్ దగ్గర మోటర్లు కుప్పపడి ఉన్నాయి. చిన్నాయన ట్రాలీ ఆటోలో మోటరు వేసుకుని నా మడిగె ముందు దిగాడు.

"ఉన్నవా బిడ్డా?"

"యాడికి పోత?"

మోటరు విప్పాను. లోపల అంచుల్లో దారం నల్లగా మాడి ఉంది. కానీ కట్టు చెదరలేదు. కొస చుట్ల కిందికే పోయి ఉంది. పైకి ముడి లేదు.

"చిన్నాయనా, గిది ఎవ్వలి కట్టు?"

ఆయన వంగి చూశాడు. చిటికి కట్టే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, ఆయనకు తెలియని కట్టు కాదు. వేలితో ఆ కొసను తడిమాడు.

"గాయిన మళ్ల చుట్టిన అన్నడు గదా."

"కట్టు ఇప్పకుంట తీగ ఎట్ల చుట్టిండు?"

"ఏమో బిడ్డా. గిప్పుడు గదంత ఎందుకు? మడి నెర్రెలిస్తాంది."

నేను ఎన్నో ఏళ్లుగా చెప్పాలనుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. ఆయన అప్పటికే రోడ్డు వైపు చూస్తున్నాడు. "చుట్టిస్త," అన్నాను. "గని నేనొస్త. నేనే దించుత."

"అవ్వ ఏమంటదో..."

"అవ్వకు నువ్వు చెప్పుకో. లేకుంటె తీస్కపో."

ఇంకో షాపు ఉందేమో అన్నట్టు రోడ్డు ఆ కొస దాకా చూశాడు. "సరే తియ్," అన్నాడు.

బోరు మీద మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, చైన్ పుల్లీ లాగే మనుషులు ఒక్కో పైపూ బిగిస్తూ మోటరు దించారు. కేబులు జాయింట్ నేను కొట్టాను. వైర్లు నేను కలిపాను. అవ్వ షెడ్డు కింద మంచం మీద కూర్చుని ఉన్నదల్లా, నన్ను చూసి అటు తిరిగి కూర్చుంది. నేను స్టార్టర్ ఒత్తాను. పైపు దగ్గింది. గాలి వచ్చింది, ఎర్ర మట్టి నీళ్లు వచ్చాయి, తర్వాత పైపు నిండా తెల్లటి నీళ్లు దూకాయి.

ఇటు తిరిగి చూసేసరికి నా పక్కన ఎవరూ లేరు. పుల్లీ మనుషులు చేతులు తుడుచుకుంటూ షెడ్డు వైపు పోతున్నారు. చిన్నాయన వాళ్లకంటే ముందున్నాడు. నీళ్లు చూడమని ఎవరినైనా పిలుద్దామనుకున్నాను. సారు నంబరు పనిచెయ్యడం మానేసి చాలా కాలమైంది. ఇంకెవరూ గుర్తుకు రాలేదు.

కాసేపటికి చిన్నాయన స్టీలు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "అవ్వ కట్టిచ్చింది. షాపు కాడికి పోయి తిను బిడ్డా. మొగోళ్లు తాగుతరు, నీకెందుకు ఆడ."

"మెకానిక్‌ను ముందు కూసోబెడ్తరు గదా చిన్నాయనా."

"నువ్వు మెకానిక్ ఎట్లయితవు? నువ్వు ఇంటి పిల్లవు." ప్రేమగానే అన్నాడు. తిట్టినా నేను తట్టుకునేదాన్ని.

షెడ్డులో ముందు పుల్లీ లాగినతనికి వడ్డించారు. ఇక్కడి నుంచి కనపడుతూనే ఉంది.

నేను షాపుకు పోలేదు. పైపు పక్కన బండ మీద కూర్చుని డబ్బా విప్పాను. అన్నం, నాటుకోడి కూర. అవ్వ మంచి ముక్కలే వేసింది, ఆ మాట చెప్పకపోతే అబద్ధమవుతుంది. నీళ్ల తుంపర మీద పడుతుంటే తిన్నాను. సగంలో ఉండగా షెడ్డు నుంచి చిన్నాయన కేకేశాడు.

"బిడ్డా, కొత్తగ చుట్టిన మోటరు! జర బంద్ పెట్టు, సల్లారనియ్!"

"ఎప్పుడు బంద్ పెట్టాల్నో నాకెర్కే!"

వాళ్లు ఏదో అనుకుని నవ్వారు. నీళ్ల చప్పుడులో మాటలు వినపడలేదు. నేను నిమ్మళంగా తిని, పైపు కింద చెయ్యి కడుక్కుని, డబ్బా తోముకుని, అప్పుడు లేచి ఎర్ర బటన్ ఒత్తాను. నీళ్లు ఆగిపోయాయి. షెడ్డులో మాటలు ఒక్కసారిగా దగ్గరికి వచ్చినట్టు వినపడ్డాయి. ఎవరిదో బోరు ఎండిపోయిన సంగతి, పుల్లీ గొలుసు కొత్తది కొనాలన్న సంగతి, రేపు కరెంటు ఎప్పుడొస్తుందన్న సంగతి. మోటరు సంగతి వస్తుందేమోనని తడి చేతులు ఆరేదాకా స్టార్టర్ దగ్గరే నిలబడ్డాను. రాలేదు.