మామ చెవి పెట్టిన వేగం

మొన్న గచ్చిబౌలిలో మా అపార్ట్‌మెంటు పచ్చిక మీద గడ్డి కోసే మిషను తిరుగుతుంటే, పై అంతస్తు నుంచి ఎవరో కిటికీ తెరిచి "ఆపండి బాబూ, మీటింగులో ఉన్నాం" అని అరిచారు. నేను మాత్రం కాఫీ చల్లారిపోతున్నా కదలకుండా వింటూ నిలబడ్డాను. ఇంజను ఉండాల్సిన దానికన్నా ఎక్కువ వేగంతో తిరుగుతోంది. ఆ తేడా పట్టుకోవడం నాకు నేర్పింది మా మేనమామ.

తొంభైల చివర్లో హైటెక్ సిటీ అంటే ఒక పెద్ద భవనం, చుట్టూ బండరాళ్లు. ఆ రాళ్ల నడుమ లారీలతో ఎర్రమట్టి పోయించి, పచ్చిక పరిచి, విదేశీ అతిథులకు చూపించే ఒక క్యాంపస్‌లో నాకు నిర్వహణ విభాగంలో ఉద్యోగం. చందానగర్‌లో మోటార్లు బాగుచేసే మామ మా గడ్డి మిషన్లు చూసేవాడు. "తాగ నీళ్లు లేక మనం సస్తుంటె గడ్డికి స్నానాలేందిరా" అని గొణుగుతూనే వాటిని కన్నబిడ్డల్లా చూసుకునేవాడు. ఇంజను వేగాన్ని అదుపులో ఉంచేది ఒక చిన్న స్ప్రింగు. వేగం తక్కువైతే బ్లేడు గడ్డిని కోయదు, పీకుతుంది. మరీ ఎక్కువైతే ఇంజనే పగులుతుంది. మామ పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి అదుముకుని, కళ్లు మూసుకుని స్ప్రింగు బిగువు సరిచేసేవాడు. ఒకసారి పెట్టాక ఇంకెవరినీ ముట్టనిచ్చేవాడు కాదు, తనూ మళ్లీ కదిపేవాడు కాదు. ఆ చెవి మీద ఆయనకు అంత నమ్మకం. మాకూ అంతే.

క్యాంపస్ పెరిగేకొద్దీ మిషన్లు ఒక్కొక్కటే వచ్చాయి. అన్నిటికన్నా చివర వచ్చినదాని ఇంజను ఒక మధ్యాహ్నం పగిలి, ఇనుప ముక్క తోటమాలి కాలి పక్కనుంచి దూసుకుపోయింది. గుంటూరు వైపు మనిషైన మా ఆఫీసరు ఇంజను వేగాన్ని అంకెల్లో చూపే మీటరు ఒకటి తెప్పించారు. "మీరే చూసి చెప్పండి, పెద్దాయన గారూ" అని మామ చేతికే ఇచ్చారు.

మామ నవ్వుతూ మొదటి మిషను దగ్గర పెట్టాడు. సరిగ్గా ఉండాల్సిన వేగమే. రెండోది కాస్త ఎక్కువ. మూడోది ఇంకా ఎక్కువ. నాలుగోది చూశాక నవ్వు ఆగిపోయింది. మిషన్లు వచ్చిన వరుసలోనే తప్పు పెరుగుతూ పోయింది. చప్పుడు చాలడం లేదనుకుని ఆయన ప్రతి కొత్త మిషనుకూ ఇంకొంచెం ఇంకొంచెం బిగించాడు. తన వినికిడి తగ్గిపోతోందని తెలియలేదు.

"గీ మీటరు కరెక్టేనారా?"

"కరెక్టే మామా."

"ఆఁ?"

రెండోసారి గట్టిగా అరిచి చెప్పాను. చెబుతుంటే నా గొంతు మీద నాకే అసహ్యం వేసింది.

"ఇగ నేనేం పట్టుకొని బతకాలె రా" అని ఆ పచ్చిక మీదే కూలబడ్డాడు.

ఇంటికి తీసుకెళ్లి సంగతి చెబితే అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "పిలిస్తె పలుకుతలేడు, నా మీద కోపమేమో అనుకున్న. నేను గూడ మాట్లాడుడు బంద్ చేసిన గదరా" అంది. దవాఖానలో చూపిస్తే నరాలు దెబ్బతిన్నాయి, ఇక చేసేదేమీ లేదన్నారు. మామ కొట్టు మూసేశాడు. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో నవ్వు చూడలేదు.

అందరి మీదా వయసు చడీచప్పుడు లేకుండానే వచ్చి పడుతుంది. మామ మీదికి మాత్రం క్యాంపస్ అంతా దద్దరిల్లేలా మోత చేసుకుంటూ వచ్చింది, వినబడనిది ఆయనొక్కడికే.