ఎత్తు వేయని మనిషి

ఓడిపోయే ఆటలో ఎత్తు వేయకుండా కూర్చునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఫోనులో చదరంగం ఆడేవాళ్లలో ఈ జాతి ఎక్కువ. మంత్రి పోగానే మనిషి చడీచప్పుడు ఉండదు. వాడు చచ్చాడో, టీ తాగుతున్నాడో మనకు తెలియదు. విసుగొచ్చి మనం ఫోను పక్కన పెట్టగానే ఎత్తు వేస్తాడు. ఇక తిరిగేది మన గడియారం. చూసుకునేసరికి టైము అయిపోయి మనమే ఓడిపోయి ఉంటాం. ఇంకొందరు ఆటకు వచ్చి మొదటి ఎత్తే వేయరు. కరెంటు పోయిందనీ, సిగ్నలు లేదనీ, బిడ్డ ఏడ్చిందనీ తర్వాత సాకులు రాస్తారు.

నేను రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లకు జేబులు కుట్టే పని చేస్తాను. మా యూనిట్లో పొద్దున రాగానే ఫోన్లు రేకు పెట్టెలో వేయాలి. అన్నం బెల్లుకు తీసుకుని, మళ్లీ బెల్లు కొట్టగానే వేసేయాలి. తాళం చెవి సూపర్‌వైజరు జేబులో ఉంటుంది. బెల్లు కొట్టేదీ అతనే. అతని ఫోను మాత్రం అతని దగ్గరే ఉంటుంది. నేను నాలుగు ముద్దలు మింగి, మిగిలిన టైమంతా చదరంగం ఆడేదాన్ని.

జిల్లా పోటీకి మా ఊరి నుంచి ఒకరిని పంపాలని ఫోనులోనే ఆటలు పెట్టారు. అందరినీ ఓడించుకుంటూ వస్తే చివరికి మిగిలింది నేనూ, మా సూపర్‌వైజరూ. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఎవరూ దేనికీ ఎంచుకోలేదు. ఈ ఒక్కటి నాకు కావాలి. ఎంత కావాలంటే, దేవుడికి మొక్కుకోవడానికి కూడా సిగ్గేసేంత.

ఆట అన్నం టైములో. అతను తన బల్ల దగ్గర, నేను నా మిషను దగ్గర. నా సద్ది డబ్బా ఖాళీ అయ్యేదాకా అతను మొదటి ఎత్తే వేయలేదు. వేశాక గబగబా ఆడాడు, గబగబా మంత్రిని పోగొట్టుకున్నాడు. అతని రాజుకు కదలడానికి ఒకే ఒక్క గడి మిగిలింది. అంతే, ఫోను బల్ల మీద పెట్టి గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు.

పక్క మిషనామె నా చెవిలో గొణిగింది. "బెల్లు అయ్యేదాకా కదపడు సూడు. కొట్టేది గూడా ఆయప్పే కదా!"

అవతలివాడు వేయకముందే మన ఎత్తు వేసి ఉంచుకునే వీలు ఆ ఆటలో ఉంది. అతనికి ఉన్నది ఒకే దారి కాబట్టి, దానికి ఆట కట్టయ్యే ఎత్తు వేసి ఉంచాను. ఆట నడుస్తున్నంతసేపూ తెర ఆరదు. బెల్లు మోగగానే ఫోను అలాగే తీసుకెళ్లి పెట్టెలో పెట్టాను. అతను తాళం వేసి, కుర్చీలో వెనక్కి వాలి, తీరిగ్గా రాజును కదిపాడు. రేకు పెట్టెలోంచి గెలుపు పాట మోగింది.

లైనంతా నవ్వింది. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. "ఏమన్నా, పెట్టె చేతిలో గూడా ఓడిపోతివే!" అన్నాను. అతని మొహం మాడిపోయింది. నాకు ఆ రాత్రి ఆకలి కూడా వేయలేదు, అంత హాయిగా ఉండింది.

జిల్లా ఆట కూడా ఫోనులోనే. పని రోజు పెట్టారు, పొద్దున పదకొండింటికి. ఒక్క గంట ఫోను చేతిలో ఉంటే చాలు. వెళ్లి అడిగాను.

"సూద్దాం లేమ్మా" అన్నాడు.

మళ్లీ అడిగితే "పైన అడగల్ల" అన్నాడు. ఇంకోసారి అడిగితే "అడిగినా, వాళ్లింకా చెప్పల్యా" అన్నాడు. కుదరదని ఒక్క మాట అనుంటే, ఆ రోజు పనికి ఎగనామం పెట్టి ఇంట్లో కూర్చుని ఆడుకునేదాన్ని. తర్వాత పని పోతే పోయేది. ఆ మాట అనలేదు. ఆ రోజు పొద్దున కూడా నవ్వుతూ, "ఫోను పెట్టెలో పెట్టుమ్మా, టయానికి నేనే తీసిస్తా" అన్నాడు. పెట్టాను. ఇలాంటివాళ్లను అంతమందిని చూసి కూడా నమ్మి పెట్టాను.

పదకొండు కావస్తుంటే అతని బల్ల దగ్గరికి పోయాను. కుర్చీ ఖాళీ. గుడ్డ కత్తిరించే చోట నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. "అన్నా, తాళం చెవి" అన్నాను. "ఈ లాటు అయిపోనీమ్మా, వస్తాండా" అన్నాడు, గుడ్డ మీద నుంచి తల ఎత్తకుండానే. పెట్టెలో నా ఫోను ఆటకు రమ్మని మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. లైనులో ఎవరో కిసుక్కుమన్నారు. నేను పోయి జేబులు కుట్టుకున్నాను. సూది వేలికి దిగింది.

అన్నం బెల్లుకు పెట్టె తెరిచి, నా ఫోను తనే తీసి ఇచ్చాడు. "ఏమైందమ్మా, ఆట మొదలుపెట్టల్యా?" అన్నాడు.

తెర మీద పావులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నేను మొదటి ఎత్తు వేయనందుకు ఆట అవతలి అమ్మాయికి ఇచ్చేశారు. కింద ఆ అమ్మాయి ఒక మాట రాసింది. "ఆడేదానికి భయమైతే పేరెందుకిస్తావక్కా?"

భయం కాదు, ఫోను పెట్టెలో ఉండిపోయింది, తాళం చెవి వేరేవాళ్ల దగ్గర ఉండింది అని జవాబు రాశాను. ఒకసారి చదువుకున్నాను. ఇది ఇంకెవరైనా నాకు రాసి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. పంపకుండా చెరిపేసి, అన్నం డబ్బా మూత తీశాను.