మా అవ్వ ముక్కుపుల్ల... నా తుమ్మబంక

మా చిన్నప్పుడు... తెలంగాణ ఉద్యమంతో బడులు నెలల తరబడి మూతపడ్డ ఆ అరవై తొమ్మిదిలో... మా అవ్వ కన్ను నా ముక్కు మీద పడింది.

"బడి లేకపాయె... పోరి ఊరంత తిరగవట్టె. దీనికి ముక్కన్న కుట్టిపిద్దాం. బడి తెరిచెటాల్లకు మానుతది" అంది.

అవ్వ అంటే మా నాయన తల్లి. మాది మొయినాబాద్ పక్కన ఎంకపల్లి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఊరంతా "జై తెలంగాణ" అంటుంటే మా ఇంట్లో మాత్రం నా ముక్కు గురించే చర్చ.

అవ్వ ముక్కుకు శనగగింజంత ముక్కుపుల్ల ఉండేది... ఎర్రరాయిది. అదే నాకు పెడతానంది.

"మరి నీకో అత్తమ్మా?" అని అమ్మ అడిగింది.

"నాకెందుకే ఇంక... నా మొకం చూసేటాయన పోయి ఎన్నేండ్లాయె" అంది అవ్వ.

కానీ అది ఊడి వస్తే కదా... నలభై ఏళ్లుగా ముక్కులోనే ఉండి మర బిగుసుకుపోయింది. పొద్దున్నే కొబ్బరినూనె చుక్కలు వేసి మధ్యాహ్నం దాకా నానబెట్టారు. లోపలి సీల అమ్మ పట్టుకుంది, బయటి పువ్వు చిన్నమ్మ పట్టుకుంది. గంటసేపు తిప్పారు. అవ్వ ఇద్దరు కోడళ్లనూ వాళ్ల పుట్టింటివాళ్లతో సహా తిట్టింది. చివరికి తేలిందేమిటంటే... ఇద్దరూ ఒకే దిక్కుకు తిప్పుతున్నారు!

అంగడి రోజు నన్ను చేవెళ్లకు తీసుకుపోయారు. కంసాలి బ్రహ్మయ్య సూది తీసి, "చీమ కుట్టినట్టె ఉంటది బిడ్డా" అన్నాడు. అది ఏ ఊరి చీమో కానీ... నా అరుపుకు అంగట్లో బేరాలు ఆగిపోయాయని నాయన బతికున్నన్నాళ్లూ చెప్పేవాడు.

రంధ్రంలో సన్నటి వేపపుల్ల పెట్టి, ముక్కుపుల్ల మర అరిగిపోయిందనీ, బాగుచేసి రెండు దినాల్లో ఇస్తాననీ అన్నాడు. అవ్వ కూడా ఒక వేపపుల్ల అడిగి తన ముక్కులో పెట్టుకుంది. ముక్కు బోసిగా ఉంటే ఊపిరి ఆడట్లేదట.

ఆ బ్రహ్మయ్య ఏదో పని మీద పట్నం పోయాడు... బస్సులు బందయ్యాయి... అక్కడే చిక్కుకుపోయాడు. రెండు దినాలు కాస్తా మూడు వారాలైంది.

ఆ మూడు వారాలు నాకు చెర. రోజూ ఉప్పునీళ్లతో కడగడం, పసుపు కలిపిన కొబ్బరినూనె రాయడం, పుల్లను మెల్లగా తిప్పడం... వంకాయ బంద్. పుల్లకు తగులుతుందని గౌను కూడా తల మీంచి కాదు, కాళ్ల నుంచి తొడిగేవాళ్లు. "ఒక్క దినం పుల్ల లేకున్నా పూడుకపోతది... మల్ల కుట్టాలె" అని అవ్వ బెదిరింపు ఒకటి.

ఇంతలో మేం పిల్లలం కూడా ఊరేగింపు తీశాం. కందికట్టెలు పట్టుకుని, దుమ్ము లేపుకుంటూ... గొంతు చించుకుని అరిచా. అంతలో పెద్ద తుమ్ము వచ్చింది. పుల్ల ఎటు ఎగిరిపోయిందో దేవుడికే తెలియాలి.

ఇంకో పుల్ల పెట్టుకుందామంటే ప్రాణం పోయినంత నొప్పి. చెబితే అవ్వ గుచ్చుతుంది... చెప్పకపోతే పూడుకుపోతుంది. తొమ్మిదేళ్ల బుర్రకు ఒకటే తోచింది... తుమ్మబంక! చినిగిన పుస్తకాలు అతికించుకునేది దానితోనే కదా. పుల్ల మొన విరిచి ముక్కు మీద అతికించేశా.

"పసుపు నేనే పెట్టుకుంటనవ్వా" అని చెప్పా. అవ్వ మురిసిపోయింది. "నా మన్మరాలు ఎంత బుద్ధిమంతురాలో... దాని ముక్కు అదే చూస్కుంటది" అని ఊరంతా చాటింది. చెమట పడితే అది పెదవి మీదికి జారేది. ఒకరోజు అద్దంలో చూసి తికమకపడి రెండో వైపు అతికించుకున్నా. సాయంత్రం దాకా ఎవరికీ తెలియలేదు. అమ్మ మాత్రం "పోరి మొకం ఇయ్యాల ఎట్లనో ఉన్నదేంది" అంది.

చివరికి బస్సులు నడిచాయి. బ్రహ్మయ్యే మా ఇంటికి వచ్చాడు. మెరుస్తున్న ముక్కుపుల్ల అవ్వ చేతిలో పెట్టి, నా ముక్కు మీది పుల్లను ముట్టుకున్నాడు. అది అతని వేలికి అంటుకుని వచ్చేసింది. కింద రంధ్రం లేదు... చిన్న నల్లమచ్చ.

"అవ్వా... ఇది బంక! ముక్కెప్పుడో పూడుకపోయింది" అన్నాడు. అవ్వ నా వీపు మీద రెండు వడ్డించింది.

"ఫికర్ జెయ్యకు, మల్ల కుడత" అంటూ అతను సంచిలోంచి సూది తీశాడు. నేను అవ్వ కాళ్లకు చుట్టుకుని ఒకటే ఏడుపు.

అవ్వ అరచేతిలోని ముక్కుపుల్లను చాలాసేపు చూసింది.

"జర ఆగు బ్రహ్మయ్యా..." అంది. తన ముక్కులోని వేపపుల్ల పీకేసి, అద్దం కూడా లేకుండా ముక్కుపుల్ల పెట్టేసుకుని మర బిగించింది. "పోరి భయపడుతున్నది... పెద్దగైనంక చూద్దాంతియ్. అప్పటిదాంక నేనే పెట్టుకుంట."

నా మీద జాలితో అనుకున్నా. కానీ ఆ సాయంత్రం అవ్వ పాలలోకి తోడు కావాలని, ముక్కు మెరిపించుకుంటూ నాలుగిళ్లు తిరిగింది. మా ఇంట్లో చట్టి నిండా పెరుగు ఉంది.

మళ్లీ ముక్కు కుట్టించుకున్నది నా పెళ్లి కుదిరాకే. అప్పుడు కూడా అవ్వ చెప్పాపెట్టకుండా ముక్కులో కొబ్బరినూనె వేసుకుని కూర్చుంది. నేనే వద్దని చేయి పట్టుకున్నా.

ఇప్పుడు నా మనవరాలికి డబ్బా నిండా ముక్కుపుల్లలు... డ్రెస్సుకొకటి. పోతే వెతకదు కూడా. అవ్వకు ఉన్నది ఒక్కటే... అదంటే అంత ఇష్టం ఉండి కూడా నాకివ్వడానికి రెండుసార్లు సిద్ధపడింది.

మరి మీ ముక్కు ఎవరు కుట్టారు? ఎంతమంది పట్టుకుంటే కుట్టారు? సిగ్గుపడకుండా చెప్పండి... నేను చెప్పలేదా!