ఊ కొట్టని పరీక్ష

2022 అక్టోబరు. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్ దగ్గర ఒక ఎలిమెంటరీ స్కూల్లో నేను స్పీచ్ థెరపిస్టుగా చేరి అప్పటికి పదకొండేళ్ళు. స్పీచ్ థెరపిస్టు అంటే నత్తి పోగొట్టే మనిషి అని మనవాళ్ళ నమ్మకం. అదీ చేస్తాం కానీ, నా రోజులో సగం పిల్లల చేత కథలు చెప్పించడంతోనే గడుస్తుంది. పిల్లలకు భాష ఎంత వచ్చో తెలియాలంటే మాటలు లెక్కపెడితే చాలదు. ఒక కథను మొదలుపెట్టి, నడిపించి, ముగించగలరా అని చూడాలి.

దానికి మా దగ్గర స్టోరీ రీటెల్ అనే పరీక్ష ఉంది. బొమ్మలు చూపించి ఒకసారి కథ చెప్తాం, పిల్లలు దాన్ని తిరిగి చెప్పాలి. ఫారం మీద ఐదు గళ్ళుంటాయి: కథలో ఎవరున్నారు, ఎక్కడ జరిగింది, ఏం చిక్కొచ్చింది, దానికి ఏం చేశారు, చివరికి ఏమైంది. ఎంత పెద్ద నవలైనా ఈ ఐదింటి మీదే నిలబడుతుందని కొత్తగా చేరినవాళ్ళకు గొప్పగా చెప్పేదాన్ని. పిల్లలు చెప్తున్నంతసేపూ మేం నోరు మెదపకూడదు, తల కూడా ఊపకూడదు. మరీ ఆగిపోతే "ఇంకేమైనా ఉందా?" అని ఒక్కసారి అడగొచ్చు. ఈ నియమం నా అంత కచ్చితంగా పాటించేవాళ్ళు లేరని నాకు మంచి పేరు.

సహస్ర రెండో తరగతి. రెండు పిలకలు, ముందు పళ్ళు ఊడిన నోరు. "మాటలు వచ్చు, కథ రావడం లేదు. ఒక్క వాక్యం చెప్పి అలా నిలబడిపోతోంది" అని వాళ్ళ టీచరు నా దగ్గరికి పంపింది. పరీక్షలో అదే తేలితే భాషాలోపం అని ఫైల్లో రాస్తాం. రోజులో సగం తన క్లాసు వదిలేసి వేరే చిన్న గదిలో కూర్చోవాలి. ఆ నిర్ణయం తీసుకునే మీటింగుకి రెండు వారాలుంది.

మొదటి రోజు ఇంగ్లిష్‌లో అడిగాను. "వన్స్ దేర్ వాజ్ ఎ బాయ్" అంది, నా ముఖంలోకి చూసింది. నేను రాయిలా కూర్చున్నాను. మనసులో పది లెక్కపెట్టుకుని ఇంకేమైనా ఉందా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. మర్నాడు తెలుగులో. "అనగనగా ఒక అబ్బాయి." మళ్ళీ అదే చూపు, అదే మౌనం. ఇంగ్లిష్ ఒక్కదానిలో తడబడితే అలవాటు లేదనుకోవచ్చు, రెండు భాషల్లోనూ తడబడితే లోపమనే మా చదువు చెప్తుంది. ఎవరున్నారు అన్నది తప్ప మిగతా నాలుగు గళ్ళలో నాలుగు సున్నాలు వేశాను.

తర్వాత వాళ్ళ నాన్న శ్రీకాంత్‌కి ఫోన్ చేశాను. వరంగల్ మనిషి, కార్ల కంపెనీలో టెస్ట్ ఇంజినీరు.

"మా పాపకు మాటలు రావంటరా మేడమ్? ఇంట్ల దాని నోరు మూయించలేక సస్తున్నం" అన్నాడు. గొంతు తగ్గించాడు. "ఆ లేబుల్ ఒక్కసారి పడ్డదంటే పోతదా? 'ఆమ్ ఐ స్టుపిడ్, డాడీ?' అని నిన్న అడిగింది. నేనేం చెప్పాలె?"

ఇంట్లో బాగానే మాట్లాడుతుందని ప్రతి తండ్రీ అంటాడులే అని సర్దిచెప్పుకుని, మామూలుగా అడిగే ప్రశ్నలు మొదలుపెట్టాను. నడక ఎప్పుడు, మాటలు ఎప్పుడు అంటూ. ఆయన చెప్తున్నాడు, నేను ఊ, ఊ అంటూ రాసుకుంటున్నాను. మధ్యలో పెన్ను మొరాయిస్తే ఇంకోదాని కోసం సొరుగు వెతకసాగాను.

వాక్యం మధ్యలో ఆగిపోయాడు. "మేడమ్? ఉన్నరా లైన్ల?"

"ఉన్నానండీ, చెప్పండి."

"ఊ అంటలేరు గదా, కాల్ కట్ అయిందనుకున్న."

పెన్ను దొరికింది కానీ రాయబుద్ధి కాలేదు. "మీరు పాపకు కథలు చెప్తారా?" అని అడిగాను.

"రోజూ కార్ల చెప్త, స్కూల్‌కు దింపేటప్పుడు. అది వెనక సీట్ల ఉంటది, నాకు కనబడది. ఊ కొట్టకపోతే పడుకున్నవనుకొని కథ బంద్ చేస్త అని చెప్పిన. వచ్చేటప్పుడు అది చెప్తది, నేను ఊ కొట్టాలె. ఒక్కటి మిస్సయినా ఆపేస్తది మేడమ్, మస్తు స్ట్రిక్ట్."

పిల్లను చంకన పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. ఊ కొడుతూ కథలు విని పెరిగినదాన్ని. ఫోన్లో ఆయనకు పావుగంటగా ఊ కొడుతున్నదాన్ని. ఆ పిల్ల ముందు మాత్రం గొంతులోనే నొక్కేసుకున్నాను. సిగ్గేసింది.

మర్నాడు కొత్త బొమ్మలతో మళ్ళీ కూర్చున్నాం.

"అనగనగా ఒక అమ్మాయి."

"ఊ."

సహస్ర కళ్ళు పెద్దవి చేసింది. కుర్చీ ముందుకి జరుపుకుంది. "తను బ్యాక్‌యార్డ్‌లో పోల్ మీద బర్డ్స్‌కి సీడ్స్ పెట్టింది."

"ఊ."

"కానీ స్క్విరల్ వచ్చి అన్నీ తినేసింది."

"ఊ."

"అమ్మాయికి కోపం వచ్చి పోల్‌కి ఆయిల్ రాసింది. స్క్విరల్ జర్రుమని జారిపోయింది! అప్పుడు కింద కూర్చుని పైకి చూస్తోంది, దానికి ఆకలి కదా. అమ్మాయికి పాపం అనిపించి, దానికి వేరే బౌల్ పెట్టింది."

ఐదు గళ్ళూ నిండాయి. ఉడత ఆకలి మాట నేను చెప్పిన కథలో లేదు, బొమ్మల్లోనూ లేదు. అది సహస్ర సొంతం. దానికి ఫారం మీద గడి కూడా లేదు.

"మరి మొన్నెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు వినట్లేదు కదా, ఆంటీ" అంది, నిష్ఠూరమేమీ లేకుండా. "మీ ఐజ్ ఓపెన్ ఉన్నాయి, కానీ ఊ అనలేదు."

మీటింగులో స్కూల్ సైకాలజిస్టు సరైన ప్రశ్నే వేశాడు. అలా ఊ కొడితే సాయం చేసినట్టు కాదా అని. ఇంగ్లిష్‌లో కూడా మళ్ళీ పరీక్ష పెట్టి చేసిన రికార్డింగ్ వినిపించాను. అందులో ఊ బదులు నేను మ్ హ్మ్ అంటున్నాను. "కథలో ఒక్క ముక్కయినా నేను అందించానేమో చూపించండి" అన్నాను. ఆయన రెండుసార్లు విని, సరేనని ఫైలు మూసేశాడు. సహస్ర టీచరు తను రాసి పంపిన కాగితం ముందుకు లాక్కుని చూసుకుంది. "నేను చాలా శ్రద్ధగా విన్నాననే అనుకున్నాను" అంది చివరికి. నిజమే, ఇక్కడ కళ్ళలోకి చూస్తూ నిశ్శబ్దంగా ఉండటమే వినడం. సహస్రకు ఆ సంగతి చెప్తే నెల తిరక్కుండా అలవాటు చేసుకుంది.

లోపం లేదని రాసి అందరం సంతకాలు పెట్టాం. శ్రీకాంత్ సంతకం పెట్టి పెన్ను నాకు తిరిగిచ్చాడు. "రేపు కార్ల జవాబు చెప్త మేడమ్, అది అడిగినదానికి" అన్నాడు.

ఆ కేసు నేర్పింది చిన్న విషయమే. కథకు ఐదు గళ్ళు చాలవు. వినేవాళ్ళు ఉన్నారని తెలియకపోతే ఆ ఐదూ పిల్లల కడుపులోనే ఉండిపోతాయి. ఇప్పుడు ఏ పరీక్షకైనా ముందు, మీ ఇంట్లో కథ ఎలా వింటారని అడుగుతున్నాను.

అంతటితో నా మనసు ఊరుకోలేదు. ఆ వారమే పాత ఫైళ్ళు తీశాను. "ఒక్క వాక్యం చెప్పి నా ముఖంలోకి చూసింది" అని నా చేతిరాతతోనే ఇంకో రెండు ఫారాల మీద ఉంది. ఇద్దరూ తెలుగు ఇళ్ళ పిల్లలే. ఒకమ్మాయి ఇంకా మా స్కూల్లోనే ఉంది, పిలిచి ఈసారి ఊ కొడుతూ మళ్ళీ కథ చెప్పించుకున్నాను. రెండో అమ్మాయి కుటుంబం టెక్సస్ వెళ్ళిపోయింది, నేను రాసిన లోపం కూడా ఆ పిల్ల ఫైల్లో వెంట వెళ్ళింది. అక్కడి థెరపిస్టుకి తప్పు నాదని వివరంగా ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఆ అమ్మాయి చెప్పబోయిన కథ ఏమిటో నాకు తెలియదు. చూసిన చూపు మాత్రం బాగా గుర్తుంది, నా ఊ కోసమే చూసింది.