గోదురుకప్ప నీళ్లు తాగిన మధ్యాహ్నం

మొన్నటి వానాకాలం చినుకు లేకుండానే సగం గడిచిపోయింది. చొప్పదండిలో మా వాడకట్టు ఆడవాళ్లు వాన కోసం కప్పతల్లి ఆడుతూ మా గుమ్మం ముందుకు వచ్చారు. రోకలికి వేపమండలు కట్టి, వాటి మధ్య ఒక గోదురుకప్పను బట్టలో చుట్టి వేలాడదీశారు. రోకలి మీద నీళ్లు పొయ్యమని పాడుతుంటే నేను పొయ్యనన్నాను. కప్పను ఊరేగిస్తే మబ్బుకు ఎలా తెలుస్తుందని వాదం మొదలుపెట్టాను. అది ఎండిపోయి చస్తుంది తప్ప వాన రాదన్నాను.

ముందు నడుస్తున్న ముసలమ్మ నవ్వింది. "అయితే నువ్వే సాదుకో బిడ్డా. వాన రాకుంటే గా పాపం నీదే."

మూట విప్పి కప్పను నా చేతిలో పెట్టింది. గెలిచిన సంతోషంలో నేను దాన్ని నిండు బకెట్‌లో వదిలాను. నున్నటి గోడల మీద కాళ్లు జారి అది మునిగింది, తేలింది, మళ్లీ మునిగింది.

"సంపుతవా ఏంది? గిది చెరువు కప్ప కాదు, మన్నుల కప్ప!"

ముసలమ్మ చెయ్యి ముంచి దాన్ని తీసి, నీళ్ల గోలెం పక్కన తడి మట్టిలో పెట్టింది. కప్ప కాళ్లు పరిచి పొట్టను మట్టికి ఆనించింది. నోరు తెరవలేదు. గోదురుకప్ప నీళ్లను పొట్ట చర్మంతోనే పీల్చుకుంటుందని ఎప్పుడో చదివీ మరిచిపోయాను. పాట ఆగింది. ఎండలో వీధంతా కలలోలా తేలుతోంది. కప్ప గొంతు కింద చర్మం మెల్లగా కొట్టుకోసాగింది.

"జర మెల్లగ పొయ్యి, తాగుతుంది," అంటూ ముసలమ్మ చెంబు నా చేతికిచ్చింది.

ఇందాక పొయ్యనన్న నీళ్లను ఆ మట్టి మీద కొద్దికొద్దిగా పోస్తూ చాలాసేపు కూర్చున్నాను.