ఎలుగుబంటి విన్న పల్లవి

క్యాసెట్లు పోయి సీడీలు వస్తున్న రోజులవి. భద్రాచలం దగ్గర అడవిలోని ఒక ఊళ్లో నేనూ, రాములు సారూ టీచర్లం. ఒక సంగీత దర్శకుడు, ఒక కవి కలిసి చేసిన పాత సినిమా పాటలంటే ఇద్దరికీ ప్రాణం. అవి బాణీ వల్లే నిలిచాయని నేను, మాటల వల్లేనని ఆయన రోజూ వాదించుకునేవాళ్లం.

ఒక సాయంత్రం ఆయన్ని వెనక ఎక్కించుకుని బండి మీద వస్తుంటే, మలుపులో ఎలుగుబంటి అడ్డంగా నిలబడి ఉంది. బ్రేకు వేశాను. ఇంజను కూడా ఆగిపోయింది.

"సప్పుడు చేస్తే పోతదంట. జల్దీ పాడుండ్రి సారూ!" అన్నారాయన.

"మాటలు గుర్తొస్తలేవు!"

"నాకు రాగం రాదు గదా!"

నేను గొంతెత్తి ఆ పాటల్లో ఒకదాని బాణీ లాలాలా అని అందుకున్నాను. ఆయన పాఠం అప్పజెప్పినట్టు మాటలు అరిచారు. పల్లవి పూర్తయ్యేసరికి రెండూ కలిశాయి. ఎలుగుబంటి చరణం దాకా ఆగకుండా పొదల్లోకి వెళ్లిపోయింది. ఆపడానికి ధైర్యం చాలక మేము పాటంతా పాడాం.

"ఇంతకీ రాగానికి పోయిందా, మాటకా?" అని రాములు సార్ అడిగారు.

నేను బండికి కిక్కు కొట్టాను. ఇప్పటికీ ఆ పాటలో బాణీని, మాటను విడదీసి వినలేను. పల్లవి మొదలైతే చాలు, అరికాళ్లు చల్లబడతాయి.